నీళ్ళు లేని రేవు

అదిగో, ఆ చేల మధ్య దిబ్బ మీద ఒంటరిగా నిలబడిందే చింతచెట్టు, పొద్దుగూకాక దాని కిందికి గొడ్డు కూడా వెళ్ళదర్రా. నవ్వండి, నవ్వితే నాకేం, పళ్ళు మీవేగా.

ఇప్పుడు చేలూ ఇళ్ళూ ఉన్న ఆ పల్లమంతా ఒకప్పుడు ఏటిపాయ. నాగులు అనే పడవవాడు ఆ చెట్టుకే పడవ కట్టేవాడు, జనాన్ని ఇటూ అటూ దాటించడం తప్ప వాడికి వేరే లోకం తెలీదు. అలాంటిది, ఏటికి రెండు పాయలెందుకు, ఒకటి చాలదా అని పైవాళ్ళెవరికో తోచింది, తోచగానే ఈ పాయ నోటికి అడ్డంగా గట్టు పోశారు, నీళ్ళన్నీ అవతలి పాయలోకి మళ్ళిపోయాయి, ఇంక మనవాళ్ళు సంబరపడిపోయి ఎండిన ఇసకలో అరటి పెట్టారు, ఇళ్ళూ కట్టారు. నాగులు పడవ బీడు నేలలో బోర్లా పడింది. నీళ్ళు లేని పడవవాడు ఏం చేస్తాడు? బెంగెట్టుకుని పోయాడు.

పోయాడంటే పూర్తిగా పోయాడా? వానలు పట్టాయంటే చాలు, సందెవేళ "రేవుకొచ్చేవాళ్ళు రండో" అని కేక. నాగులు కోడలు మరిడమ్మ ఇల్లు సరిగ్గా పాత పడవదారిలో ఉండేది. పిల్లకి పాలిస్తూ గుమ్మంలో కూచుంటే, పొడి నేల మీద తెడ్డు వేస్తున్న చప్పుడు మెల్లగా వచ్చేది, అరటాకులు వాటంతటవే పక్కకి ఒరిగేవి, ఇంత తడి వాసన వచ్చి గుమ్మం ముందు ఆగేది, ఇది దారమ్మా, లే తల్లీ అన్నట్టు వినబడేది. భయం మాటెలా ఉన్నా, ఆ చప్పుడుకి ఆవిడకి కమ్మగా నిద్రొచ్చేదిట!

కానీ పసిపిల్ల తల్లి కదా, మొగుడితో చెప్పింది, వాడు భూతవైద్యుణ్ణి పిలిచాడు, ఆయన మంత్రాలు చదివి నాగుల్ని ఆ చింతచెట్టుకి మేకేసి దిగ్గొట్టేశాడు. కేక ఆగింది. ఊరు హాయిగా నిద్రపోయింది.

మరుసటి ఏడు వరదొచ్చింది. రెండు పాయల నీళ్ళు ఒక పాయలో ఎన్నాళ్ళు ఇముడుతాయర్రా? మగాళ్ళంతా ఇసక బస్తాలతో గట్టు మీదికి పరిగెత్తారు, అక్కడే గండి పడింది. ఇది నీళ్ళ దారి, లేవండి అని ముందు చెప్పేవాడు లేడు, చెప్పేవాణ్ణి చెట్టుకి కొట్టాం కదా! మరిడమ్మ పిల్లని చంకనేసుకుని దిబ్బెక్కింది, నీళ్ళు నడుం దాకా వచ్చాయి, చెట్టెక్కుదామంటే చేతిలో పిల్ల. అప్పుడు కనబడింది మేకు. మావయ్యా, తప్పయింది, నన్ను వదిలేసినా నీ మనవరాల్ని దాటించు అని ఏడుస్తూ, గోళ్ళు ఊడేలా ఆ మేకుని ఆడించి ఆడించి పీకేసింది.

ఆ పైన ఆవిడకి అంతా కలలాగే ఉందిట. పడవ వచ్చింది, ఇద్దరూ ఎక్కారు, వరదంతా సద్దు లేకుండా అయిపోయింది, ఇళ్ళ కప్పుల పక్కనుంచి తెడ్డు మెత్తగా పడుతోంది. ఒడ్డున దిగాక, మావయ్యా, ఇంటికి రా అందిట. ఏ ఇంటికమ్మా, ఇన్నాళ్ళకి ఇవాళేగా నేను ఇల్లు చేరాను అని పడవ తిప్పుకుని వెళ్ళిపోయాడు. మొగుడు వెతుక్కుంటూ వచ్చేసరికి పిల్ల ఒంటి మీద తడి చుక్క కూడా లేదు.

ఇప్పుడు గట్టు ఇంకా ఎత్తు పెంచారు, నేల మళ్ళీ ఆరిపోయింది, వానాకాలం కేక మళ్ళీ వినబడుతోంది. అంచేత అటు పోకండి. పోతే పోయారు, పడవెక్కమని పిలిస్తే, ఇక్కడ నీళ్ళేవి తాతా అని మాత్రం అడక్కండి. చూపిస్తాడు.