నలభై ఏడో నంబరు ఇల్లు

అసలిదేం పద్ధతండీ అన్నయ్యగారూ? రాసిందెవరో చదివేవాళ్ళకి తెలియకూడదట, చదివేదెవరో రాసినవాళ్ళకి తెలియకూడదట! చదువుకున్నవాళ్ళంతా కూచుని పెట్టుకున్న నియమం ఇదా? మా ఊళ్ళో ఆకాశరామన్న ఉత్తరం వస్తే మధ్యాహ్నం భోజనాల్లోపు రాసినవాడి ఇంటిపేరు తేల్చేసేవాళ్ళం. చేతిరాత కూడా చూడక్కర్లేదు. కవరు బంకతో అంటించాడా, అన్నం మెతుకులతో అంటించాడా చూస్తే చాలు.

లేవకండి, కూచోండి. వదినగారు కరోల్ బాగ్ వెళ్ళారని తెలిసే వచ్చాను. ఆవిడ బస్సు ఎక్కడం చూశాను కూడా. సుభద్ర వచ్చిందంటే గంట పోయినట్టే అని మీరు మనసులో అనుకుంటున్నారు. గంట పట్టదు. మీరేం మాట్లాడక్కర్లేదు, మాట్లాడకూడదు కూడాను. మీ నియమం మీరు కాపాడుకోండి. నేను చెప్తాను, మీరు వినండి.

మా మేనకోడలు భానుశ్రీ తెలుసుగా? మా తమ్ముడి కూతురు. ధౌలా కువాన్ దగ్గర కాలేజీలో ఎకనామిక్స్ చెప్తోంది. అదే, టెంపరరీగా. మూడేళ్ళ నుంచీ టెంపరరీ. హాస్టల్లో ఉంటుంది, ఆదివారం మా ఇంటికొస్తుంది. వచ్చే నెల ఇరవయ్యో తారీఖున పర్మనెంట్ పోస్టుకి ఇంటర్వ్యూ. దానికి పేపరొకటి పెద్ద జర్నల్లో పడాలట. పడితే ఉద్యోగం, పడకపోతే మూటా ముల్లే.

అచ్ఛా, ఇప్పుడు మీ మొహం కొంచెం మారింది. మారనివ్వండి. నేను చూళ్ళేదు.

ఆ పేపరు కోసం అది పడ్డ పాట్లు నేను చూశాను కదా! విషయం ఏవిటంటే, ఆడవాళ్ళు ఇంట్లో రోజుకి ఎన్ని గంటలు పనిచేస్తారు అని. దీనికి పరిశోధనెందుకే, నన్నడిగితే కాఫీ తాగేలోపు చెప్పేదాన్నిగా అన్నాను. "అత్తా, చెప్పడం కాదు, నిరూపించాలి" అంది. నూట పన్నెండు ఇళ్ళు తిరగాలి, ఒక్కో ఇంటికీ ఆరు పేజీల ఫారం నింపాలి. జనక్‌పురిలో సగం, కంటోన్మెంట్‌లో సగం. లెక్చరరమ్మ బెల్లు కొడితే ఈ ఊళ్ళో తలుపెవరు తీస్తారు? సేల్స్ గర్ల్ అనుకుని లోపల్నుంచే "నహీ చాహియే" అంటారు. సుభద్రాంటీని వచ్చానంటే ఒద్దన్నా తీస్తారు. అంచేత నన్ను వెంటబెట్టుకుంది.

ఏం ఫారంలెండి! పొద్దున్న లేచింది మొదలు పడుకునేదాకా ఏ పనికి ఎంతసేపు అని గడులు. మా పై అంతస్తు కమలాకుమారి పూజకి మూడు గంటలు అని రాయించింది. ఆ పూజ వేళకే టీవీలో సీరియల్ వస్తుంది. దేవుడికీ అదే ఇష్టమేమో మనకెందుకు? మిలిటరీ ఆస్పత్రి నర్సు అన్నమ్మ ఒక్కతే గడియారం చూసుకుని నిమిషాలతో సహా చెప్పింది. డ్యూటీ చార్టు అలవాటు కదా. మిగతావాళ్ళంతా నా మొహం చూసి జవాబు చెప్పారు. నేను తల ఊపితే నిజం, ఊపకపోతే ఇంకో అరగంట తగ్గించేవారు.

ఆ తర్వాత కంప్యూటరు. అంకెలన్నీ దాంట్లో పోస్తే పట్టికలు కక్కింది. అంకెని ఎంత నమ్మొచ్చో చెప్పడానికి పక్కన నక్షత్రాలుంటాయిట. ఒకటుంటే పరవాలేదు, మూడుంటే రాజయోగం, ఒక్కటీ లేకపోతే శని. నా మేనకోడలు ఎమ్మే, ఎంఫిల్ చదివి ఆఖరికి నక్షత్రాలు చూసుకుంటోందే అనుకున్నాను. మా పురోహితుడూ అదే పని చేస్తాడు, వాడికి కంప్యూటరు లేదంతే.

మార్కెట్లో టైపు చేసే భయ్యా దగ్గర గ్రీకు అక్షరాలు లేవు. ఆ చోట్లన్నీ ఖాళీ వదిలేశాడు. ఇది మా డైనింగ్ టేబుల్ మీద కూచుని మూడు కాపీల్లోనూ పెన్నుతో ఆల్ఫాలూ బీటాలూ దిద్దింది. లైను లైనుకీ మధ్య ఇంకో లైను పట్టేంత ఎడం ఉండాలట. ఎందుకే అంటే, అచ్చు వెయ్యొచ్చో లేదో జర్నలు వాళ్ళకి చదివి చెప్పే పెద్దాయన ఆ ఎడంలో తిట్టుకోడానికి అత్తా అంది.

మొదటి పేజీలో "మా అత్త సుభద్రగారి సాయం లేకపోతే" అని ఓ వాక్యం రాసింది పిచ్చిపిల్ల. అచ్చులో నా పేరు ఎప్పుడూ పడలేదు, శుభలేఖ తప్ప. ఆ వాక్యం చూసి గదిలోకెళ్ళి ముక్కు చీదుకొచ్చాను. రిజిస్టరు పోస్టు చేసే రోజున తీసేసింది. పేర్లు కనబడితే రాసిందెవరో తెలిసిపోతుందిట. తెలియకుండా పోతుందా ఏవిటి?

అదిగో, అక్కడికే వస్తున్నాను.

పేపరు వెళ్ళి ఏడు నెలలైంది. ఓ రోజు పాల బూత్ దగ్గర లైన్లో వదినగారు, పాపం మాటవరసకే, "మావారి దగ్గరికి జనక్‌పురి ఆడవాళ్ళ ఇంటిపని మీద ఓ కట్ట వచ్చిందమ్మా, ఎండాకాలం నుంచీ ఫ్రిజ్ మీదే ఉంది, దాని మీద స్టెబిలైజరు పెట్టాం" అన్నారు. ఆవిణ్ణి ఏమీ అనకండి. ఆవిడకేం తెలుసు నియమాలు? నేనైతే నోరు మెదపలేదు. ఒట్టు. నా జీవితంలో పట్టుమని పది రోజులు కడుపులో దాచుకున్న కబురు అదొక్కటే.

దసరా వెళ్ళాక ఉత్తరం వచ్చింది, పేరు లేని పెద్దాయన ఆక్షేపణలతో. భాను చదివి తెలుగులో చెప్పింది. మొదటి ఆక్షేపణ, ఈ విషయం మీద ఇంతకుముందు వచ్చిన ముఖ్యమైన వ్యాసాలు మూడు ప్రస్తావించలేదు అని. ఎవరివే అవి అన్నాను. భీమశంకరం, పందొమ్మిదొందల డెబ్భై ఎనిమిది. భీమశంకరం, ఎనభై మూడు. మళ్ళీ భీమశంకరం, ఎనభై నాలుగు.

అన్నయ్యగారూ, కోప్పడకండి, లోకంలో భీమశంకరంగారి వ్యాసాలు చదవమని బతిమాలే మనిషి భీమశంకరంగారు కాక ఇంకెవరైనా ఉన్నారంటారా? భాను మాత్రం "ఎవరో ఈయన అభిమాని అత్తా" అంది. చదువుకున్నపిల్ల కదా, తెలివి కాస్త తక్కువ.

మూడూ చేర్చిందిలెండి. మీ పేరు ఇప్పుడు ఆ పేపర్లో నాలుగు చోట్ల ఉంది. నాది తీసేసిన చోట కూడా మీదే పడిందేమో.

నేనొచ్చింది దానిక్కాదు. రెండో ఆక్షేపణ కోసం. నలభై ఏడో నంబరు ఇల్లు.

గుర్తుందా? ఆ పేపర్లో ఇళ్ళకి పేర్లు లేవు, నంబర్లే. నలభై ఏడో ఇంటావిడ రోజుకి పని గంటలు కూడితే ఇరవై ఆరు వచ్చాయి. మా భానుకి అదంటే ప్రాణం. "అత్తా, ఈవిడ ఒకే గంటలో రెండు మూడు పనులు చేసింది, విడివిడిగా రాయించింది. ఒక గంటకి ఒక్క పనే రాయమంటే ఆడదాని పని సగం మాయమైపోతుంది, ఈ ఒక్కావిడే నాకు ఈ సంగతి నేర్పింది" అని దాని మీదే నాలుగు పేజీలు రాసింది. ఆ నాలుగు పేజీలు తీసేస్తే పేపర్లో మిగిలేది పొద్దున్నే పాలు పొంగుతాయన్న సంగతే.

మీరేం రాశారు? సరే, పేరు లేని పెద్దాయన ఏం రాశాడు? "రోజుకి ఇరవై ఆరు గంటలు అసంభవం. భర్తతో మాట్లాడే సమయం సున్నా అన్న జవాబు కూడా నమ్మశక్యంగా లేదు. ఈ మనిషి అబద్ధమైనా చెప్పి ఉండాలి, అసలు లేకపోయైనా ఉండాలి. మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళి నిర్ధారించుకోండి, లేదా ఈ ఇంటిని తీసేయండి."

మనిషే లేదేమో అన్నారు చూడండి, అక్కడ నాకు... పోన్లెండి.

భాను తీసెయ్యనంది. పరీక్షల డ్యూటీ అవగానే, వచ్చే నెల మొదటి ఆదివారం, స్వయంగా ఆ ఇంటికెళ్ళి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టి మళ్ళీ అడుగుతానంది. ఫారం మీద అడ్రసుంది కదా, కంటోన్మెంట్ క్వార్టరు.

ఆ క్వార్టర్లో ఎవరూ లేరండీ.

లేరంటే, ఫారాలు నింపే రోజుల్లోనే లేరు. అందులో ఉండే హవల్దారుకి జోధ్‌పూర్ బదిలీ అయి అప్పటికి రెండు నెలలు. తాళం వేసుంది. భాను ఆ రోజు జ్వరంతో పడుకుంది, నువ్వొక్కదానివే వెళ్ళిరా అత్తా అంది. ఎండలో అంత దూరం పోయి తాళం చూసి వెనక్కొచ్చాను. లెక్కకి ఒక ఇల్లు తగ్గుతుంది, పిల్ల బాధపడుతుంది. సరే, ఇంట్లో కూచుని మనమే కల్పిద్దాం, ఊళ్ళోవాళ్ళ సంసారాల గురించి కల్పించడం మనకి కొత్తా అనుకున్నాను.

పెన్సిలు పట్టుకున్నానండీ. అబద్ధం ఒక్కటీ రాలేదు. నా అంతదానికి!

నిద్ర లేచేది ఎన్నింటికి అని ఉంది. నాలుగుంబావు అని రాశాను, కుళాయి నీళ్ళు వచ్చే వేళ. తర్వాతి గడి, ఆ తర్వాతి గడి. అన్నమ్మ డ్యూటీకెళ్తే వాళ్ళ చంటిదాన్ని చూస్తాను కదా, చంటిదాన్ని చూస్తూ చీరలకి ఫాల్స్ కుడతాను, ఫాల్స్ కుడుతూ కుక్కరు కూతలు లెక్కపెడతాను. మూడు పనులకి మూడు గడులున్నాయి, మూడింట్లోనూ రాశాను. ఇరవై ఆరు ఎలా వచ్చాయని అడిగారు కదా? అలా వచ్చాయి. మీకెప్పుడూ ఇరవై నాలుగే వచ్చుంటాయి. మగవాళ్ళ గడియారాలు మంచివి.

కాలనీలో ఎవరింట్లో ఏ గొడవో సుభద్రకి తెలుసంటారు. నిజమే. మీ ఇంట్లో మొన్న గీజరు మీద జరిగింది కూడా తెలుసు. మా ఇంట్లో ఏముందో ఎవరైనా ఎప్పుడైనా అన్నారా? అనరు. అక్కడ కబురే లేదు.

మావారు జనార్దనరావుగారు మంచివారే. మీరూ చూస్తుంటారుగా, మార్కెట్లో ఎదురైతే ఎంత నవ్వుతూ పలకరిస్తారో. ఎయిర్‌ఫోర్సు క్రమశిక్షణ. తాగరు, తిట్టరు, చెయ్యెత్తరు. ఎనిమిదేళ్ళ నాలుగు నెలలైంది నాతో మాట్లాడి. గ్యాస్ బుక్ చెయ్యాలంటే క్యాలెండరు మీద రాస్తారు. ఉప్పు తక్కువైతే గిన్నె పక్కకి జరుపుతారు. ఆదివారం భాను వస్తే మాత్రం ఇల్లు దద్దరిల్లేలా నవ్విస్తారు దాన్ని. "మీ అత్తని ఇంకో గరిటె వెయ్యమను" అంటారు. అది హాస్యం అనుకుని అదీ నవ్వుతుంది. నేనూ నవ్వుతాను.

దానికే చెప్పేస్తే పోలా అంటారు. చెప్తే రెండు జరుగుతాయి. ఒక అడ్రసు దొంగదని తెలిశాక మిగతా నూట పదకొండూ నిజమేనా అని మొత్తం పేపరు వెనక్కి తీసుకుంటుంది. అంత పట్టుదల దానికి. ఇంటర్వ్యూ పోతుంది. ఆ నూట పదకొండూ నిజాలేనండీ, నేను ఒక్క వెంట్రుకంత మార్చలేదు. మారిస్తే ఇంకాస్త రుచిగా ఉండేవి. రెండోది, ఆ పై ఆదివారం అది మావారి ఎదురుగా కూచుని అన్నం తినాలి. ఆ నవ్వు ఒక్కటీ పోతే మా ఇంట్లో ఇంక గోడ గడియారం చప్పుడే.

అంచేత మీ దగ్గరికొచ్చాను. ఆ జర్నలు వాళ్ళకి ఒక్క ముక్క రాయండి. నలభై ఏడు గురించి నా అనుమానం తీరింది, మళ్ళీ వెళ్ళక్కర్లేదు అని. స్పీడ్ పోస్టు మూడు రోజుల్లో వెళ్తుంది. అబద్ధం రాయమనట్లేదండీ. వెళ్ళి నిర్ధారించుకోమన్నారు కదా? అంత దూరం ఎందుకు, ఇల్లే నడిచొచ్చి మీ సోఫాలో కూచుంది. అడగండి. అడ్రసు ఒక్కటే దొంగది, మనిషి దొంగది కాదు.

నాలుగుంబావుకా? అవును. ఆదివారం కూడా. కుళాయికి ఆదివారాలేవిటి?

ఫాల్సా? రోజుకి మూడు. దసరా ముందు ఐదారు.

సున్నాయేనా అనా? సున్నాయే. మొదట అయిదు నిమిషాలు అని రాసి చెరిపేశాను. మీ కాపీలో అవేం కనబడవు కదా.

ఆ? ఏవన్నారు? ఎందుకు మాట్లాడరు ఆయన అనా?

ఆ ప్రశ్న ఫారంలో లేదండీ.