అచ్చులో యూనమ్మ మొహం

చెన్నయ్య సొరకాయని కత్తితో తాకేవాడు కాదంట. చీనా దేశపోడు లెండి, అసలు పేరు షెన్ అనో ఏదో, మనకి నోరు తిరగదు, చెన్నయ్య అనే అనుకోండి. ఆయన పనేంటంటే, సొరపాదుకి పిందె పడగానే దాన్ని మట్టి అచ్చులో పెట్టి తాడుతో బిగించేస్తాడు. పిందె లోపల పెరిగి పెరిగి, ఇంకెటూ పోలేక, అచ్చు ఎలా ఉంటే అలా అవుద్ది. అచ్చులో పువ్వు చెక్కితే కాయ మీద పువ్వు లేస్తది. తీగ ఎండాక అచ్చు పగలగొట్టి, కాయని ఆరబెట్టి, మూత పెడితే డబ్బా. ఆ డబ్బాల్లో అక్కడి గొప్పోళ్ళు కీచురాళ్ళని పెంచుకుంటారంట, చలికాలంలో కూత వినడానికి. నవ్వకండి, మనం చిలకల్ని పెంచట్లా?

ఏమైందంటే, ఆ ఊరి దొరగారి తల్లి కబురు పెట్టింది. నా డబ్బా మీద నవ్వే పసిపిల్ల మొహం ఉండాలి, కాయల కాలం దాటిందా నీ తల ఉండదు అందంట. చెన్నయ్య మూడు అచ్చులు చెక్కాడు. మూడూ ఏడుపు మొహాలే. ఇంతలో కూతురు యూనమ్మ, ఐదేళ్ళది అనుకోండి, పాదు కింద కూచుని గొంగళిపురుగుని చూసి పకపకా నవ్వుతోందంట. ఈయన ఏం చేశాడు? "కదలకే తల్లీ, ఇదో ఆట" అని, ఊపిరాడ్డానికి ముక్కులో రెండు బోలు గడ్డిపరకలు పెట్టి, ఆ నవ్వు నవ్వులాగే ఉండగా తడిమట్టి తెచ్చి మొహానికి అద్దేశాడు. పెళ్ళాం లానమ్మ ఏట్లో బట్టలుతుక్కుని వచ్చేసరికి పిల్ల కనుబొమ్మల నిండా మట్టి. "ఎంత పని చేశావయ్యా! మొహం అచ్చు తీసేది చచ్చినోళ్ళకి గదా!" "మట్టేనే, కడిగితే పోద్ది." "పిల్లకి పోద్ది. అచ్చులో పడ్డ మొహం పోద్దా?" "నీకేం తెలుసు, వెళ్ళి పొయ్యి చూసుకో" అన్నాడంట. మొండోడు. పాదులో అన్నిటికన్నా నిగనిగలాడే పిందె చూసి, ఆ అచ్చులో పెట్టి బిగించేశాడు.

వారం తిరిగేసరికి యూనమ్మ నవ్వడం మానేసింది. ఇంకో వారానికి తినడం మానేసింది. జొరం లేదు, దగ్గు లేదు, బుగ్గలు మాత్రం లోపలికి పోతున్నాయంట. వైద్యుడొచ్చి చెయ్యి పట్టుకు చూసి, ఏమీ అర్థం కాక వెళ్ళిపోయాడు. ఒకరోజు చెన్నయ్య పక్కూరెళ్ళాడు, లానమ్మ పిల్లని వదల్లేక పాదుకి నీళ్ళు పోయలేదు. ఎండకి ఆకులు వాలిపోయాయి. ఆ మధ్యాహ్నం పిల్ల లేచి కూచుని "అమ్మా, గంజి" అందంట. లానమ్మ ఎంత సంబరపడిందో! మర్నాడు చెన్నయ్య వచ్చి పాదులో రెండు కుండలు గుమ్మరించాడు. తీగ లేచింది, పిల్ల పడింది. అప్పుడు తెలిసింది లానమ్మకి. రోకలి పట్టుకుని పాదు మీదికి పోయింది.

"ఆగవే!" అని చెన్నయ్య అడ్డంపడ్డాడు. "అచ్చుతోపాటు కాయ పగులుద్ది. కాయకేమన్నా అయితే..." అని ఆగిపోయాడంట. అంటే ఆయనకీ తెలుసన్నమాట, ఎప్పట్నించో తెలుసు. లోపల కాయ నిండిందో లేదో అచ్చు మీద వేలితో కొట్టి చూస్తారు, నిండినచోట గట్టిగా పలుకుద్ది, నిండనిచోట బోలుగా పలుకుద్ది. కొట్టాడు. నుదురు గట్టి. కళ్ళు గట్టి. ముక్కు, బుగ్గలు గట్టి. పెదాల దగ్గర మాత్రం ఇంకా బోలు. ఇన్నేళ్ళ అలవాటు గదా, నోరు ఊరుకోలేదు. "రెండ్రోజులే లానా, నోరొక్కటే మిగిలింది. అదీ నిండితే అయిపోద్ది" అనేశాడంట. "ఏం అయిపోద్ది?" అంది లానమ్మ. ఆయన చెయ్యి అచ్చు మీదే ఉండిపోయింది. గడప దగ్గర చాప మీద పిల్ల, ఉందో లేదో అన్నట్టుంది.

చెన్నయ్యే తాళ్ళు కోసి, చిన్న కొయ్యసుత్తి తీసుకుని, మట్టిని పెంకు పెంకుగా ఊడదీశాడంట. పెంకు ఊడినప్పుడల్లా అక్కడ పిల్ల మూలిగేది. నుదురు బయటపడింది, అచ్చం యూనమ్మది. కళ్ళు బయటపడ్డాయి, అవీ యూనమ్మవే. చివరి పెంకు తీస్తే నోరుండాల్సిన చోట నున్నటి తోలు. అంతే, గడప దగ్గర పిల్ల నీళ్ళలోంచి తేలినట్టు ఒక్క ఊపిరి తీసిందంట! తుంచితే ఏమవుద్దోనని కాయని తీగకే వదిలేశారు. పట్టేది లేకపోయేసరికి అది దాని ఇష్టంగా పెరిగింది. మొహం సాగింది, వెడల్పయింది, కళ్ళెక్కడో ముక్కెక్కడో తెలీకుండా పోయింది. అది చెదిరేకొద్దీ పిల్ల బుగ్గలు నిండాయంట.

తల పోద్దనుకుంటూనే చెన్నయ్య వట్టి చేతుల్తో దొరగారింటికెళ్ళాడు. ముసలామె పింగాణీ డబ్బాలో కీచురాయిని పెట్టుకుని వింటోందంట. "ఎవరు నువ్వు? ఏం డబ్బా?" అంది. అసలు గుర్తే లేదు. "దీనికోసమా నేను బిడ్డని..." అని, ఆ మెట్ల మీదే కూలబడ్డాడంట.

తీగ ఎండాక కాయ దానంతటది రాలింది. కోద్దామంటే భయం. కాల్చాలంటే భయం. పాతిపెడితే మొలుస్తదని ఇంకా భయం. గుడ్డలో చుట్టి దాచారు. యూనమ్మ పెద్దదై అత్తారింటికెళ్తే, చీరల మధ్యలో పెట్టి అది కూడా పంపారంట. అత్త మూట విప్పి, కాయని తిప్పి తిప్పి చూసి, "ఇదేంటే కోడలా, ఇందులో ఏముంది?" అంది. "నేనే అత్తయ్యా. కింద పడెయ్యకండి" అందంట యూనమ్మ.

ఎనభై ఏళ్ళు బతికిందంట ఆవిడ. తర్వాత ఆ కాయ ఏమైందని నన్నడక్కండి. ఎవరన్నా కోసి చూశారో లేదో నాకు తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. మా దొడ్లోనూ సొరపాదుంది. వంకరగా కాస్తే వంకరగానే కూరొండుకుంటాం.