అమ్మను వరదలో ముంచిన పాట

కాదు అయ్యగారూ, మీరే చెప్పండి, బూట్లేసుకుంటే పాట చెడిపోతుందా? అవేమన్నా పిచ్చి బూట్లా? పోయిన ఈస్టరుకి మీరు నన్ను సంఘ పెద్దగా నిలబెట్టారే, ఆ రోజు వేసుకున్నవి. మొహం కనబడేలా పాలిష్ పెట్టుకుని వెళ్తే, "మిస్టర్ లూషస్, ఇవి విప్పేస్తే బావుంటుందేమో" అంటాడే!

ఎవరా? ఆ ప్రొఫెసరే. ఆల్డెన్ విట్‌కాంబ్. బోస్టన్ నుంచి మెంఫిస్ దాకా కారేసుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంటే ఎదురుగా నిలబడ్డాడు. ఆవిరికి కళ్ళజోడు మసకబారిపోయింది. ఏడ్చినంత పని చేసి, "మీరు చనిపోయారని నా పుస్తకంలో రాశానండీ" అన్నాడు. క్షమించండి అన్నాను. ఇంకేమనాలి?

తర్వాత అడిగాడు కదా, "మీకు చూపెప్పుడొచ్చింది?" అని!

అది అతని తప్పు కాదులెండి. ముప్పై నాలుగేళ్ళ కిందట నేను పాడిన రికార్డుల మీద "గుడ్డి లూషస్" అని అచ్చేశారు. నాకు చూపు లేకపోవడమేంటి, గద్దకళ్ళు! ఆ రోజుల్లో గుడ్డివాళ్ళు పాడే బ్లూస్, మన నల్లవాళ్ళ దుఃఖపు పాటలంటే జనం ఎగబడేవాళ్ళు. స్టూడియో ఆయన "కళ్ళు మూసుకుని పాడతావా?" అన్నాడు. మూసుకునే పాడతానండీ అన్నా. "అయితే చాలు" అన్నాడు.

ఇదంతా చెబితే ప్రొఫెసర్ మొహం చిన్నబుచ్చుకుని, నోట్‌బుక్‌లో ఏదో కొట్టేశాడు. పాట ఎందుకు మానేశారు, దెయ్యానికి ఆత్మ అమ్మి పాట నేర్చుకుంటారంటారే, అలాంటి ఒప్పందమేమైనా ఉందా, అన్నాడు. లేదండీ, పెళ్ళైంది అన్నాను. మా వెర్డెల్, ఆవిడ ఆత్మకి శాంతి, బార్లలో వద్దు చర్చిలో పాడు అంది, పాడాను. అదీ కొట్టేశాడు.

పాటలు గుర్తున్నాయా అంటారా? ఒక్కటీ లేదు! అతనే టేపు పెట్టి, నా గొంతు నాకు వినిపించి, గిటారులో ఏ వేలు ఏ తీగ మీదో నేర్పాడు. నా పాట నాకు! "ఇక్కడ మీరొక స్వరం తప్పు నొక్కాలండీ" అంటాడు. అది పొరపాటయ్యా, ఆ రోజు నా వేలు తెగింది అంటే వినడే. "కాదు, అదే మీ ప్రత్యేకత. ఆ తప్పు సరిగ్గా నొక్కండి." వారం రోజులు పట్టింది, ఆ తప్పు సరిగ్గా రావడానికి.

సరే, జూలైలో తీసుకెళ్ళాడు. ఉత్తరాన, సముద్రం పక్కన పెద్ద మైదానంలో పాత పాటల పండగట. ఎనిమిది వేల మంది గడ్డి మీద కూర్చున్నారు. అందరూ తెల్లవాళ్ళే. నేను బూడిదరంగు సూటు ఇస్త్రీ చేసి పట్టుకెళ్ళాను. అతనేమో పొలం పని బట్టలు తీసి ముందు పెట్టాడు. పదకొండేళ్ళప్పుడు పత్తి చేనులోంచి పారిపోయినవాణ్ణి నేను! కూర్చోవడానికి విరిగిన చెక్కపెట్టె. మంచి కుర్చీలు పక్కనే ఉన్నాయి, చూశాను.

ఎందుకు ఒప్పుకున్నావంటారా? నన్ను మిస్టర్ అని పిలిచిన మొదటి తెల్లవాడు, అయ్యగారూ. ఆ మాటకి బూట్లేంటి, చర్మం అడిగినా ఒలిచి ఇచ్చేవాణ్ణి.

నాకు ముందు పాడినాయన జైల్లో రాళ్ళు కొట్టిన కథ చెప్పాడు. జనం లేచి నిలబడి చప్పట్లు. ఇరవయ్యేళ్ళుగా స్కూలు బస్సు నడుపుకుంటున్నాడని తర్వాత తెలిసిందిలెండి. నేను రెండు పాటలు పాడితే మర్యాదకి నాలుగు చప్పట్లు. ప్రొఫెసర్ పక్కనుంచి చేతులు ఊపుతున్నాడు. వరద, వరద అంటున్నాడు.

నా దగ్గరో వరద పాట ఉంది. పంతొమ్మిది వందల ఇరవై ఏడులో నది పొంగి గ్రీన్‌విల్ మునిగిందే, దాని మీద. మేమా? మేమప్పుడు ఇక్కడే, మెంఫిస్‌లో, పిన్నివాళ్ళింట్లో వేయించిన చేపలు తింటున్నాం. కాళ్ళు కూడా తడవలేదు. రికార్డువాళ్ళు కట్టమంటే కట్టాను.

ఏం చెప్పాలో తోచక, మైకు ముందు "మా అమ్మ..." అన్నాను. అంతే! ఎనిమిది వేల మంది ఊపిరి బిగబట్టేశారు. మీ ప్రసంగంలో మన నూట ఇరవై మందిలోనే పదిమంది కునుకు తీస్తారు కదా... అయ్యో, కోప్పడకండి, మాటవరసకి. అక్కడ ఒక్కడు కన్నార్పలేదు.

ఇంక నోరు ఆగలేదు. నాకు ఏడేళ్ళన్నాను. అమ్మా నేనూ ఇంటికప్పు మీద ఉన్నామన్నాను. పడవొచ్చింది, ఒక్కరికే చోటుంది, నన్నెక్కించి చెయ్యి వదిలేసిందన్నాను.

ఆ పాట పాడాను. నటించలేదు అయ్యగారూ, ఒట్టు. వెక్కి వెక్కి ఏడ్చాను. అంత బాగా నేనెప్పుడూ పాడలేదు.

నవ్వుతున్నారా? నవ్వండి. మర్నాడు పేపర్లో నా ఫోటో, కథ మొత్తం. వారానికి ఇక్కడి పేపర్లోనూ వేశారు. మా అమ్మకి ఎనభై ఎనిమిదేళ్ళు, కళ్ళజోడు లేకుండా పేపరు చదువుతుంది!

పొద్దున బిస్కెట్లు తింటూ చదివింది. "ఇరవయ్యేళ్ళ దున్నపోతుని పడవెక్కించి నేను మునిగానట్రా?" అంది. ఏడేళ్ళని చెప్పానమ్మా అన్నాను. పేపరు మడతపెట్టి, "నేను పోయానంటే వాళ్ళు చప్పట్లు కొట్టారా?" అంది.

కొట్టారమ్మా.

"ఎంతసేపు?"

చాలాసేపు అన్నాను. అబద్ధం చెప్పాల్సింది. అప్పుడు రాలేదు చూడండి, నోటికి అబద్ధం! ప్లేటు తీసుకెళ్ళి సింకులో పెట్టింది. మూడు వారాలు. మాట లేదు. వండుతుంది, పెడుతుంది, నా వంక చూడదు. ఇవాళ మీరే చూశారుగా, ముందు బెంచీ వదిలేసి వెనక్కెళ్ళి కూర్చుంది.

ప్రొఫెసర్‌కి నిజం చెప్పమంటారా? ఫోన్ చేసి చెప్పాను. అమ్మ బతికే ఉందండీ అన్నాను. అవతల తలుపు మూసిన చప్పుడైంది. తర్వాత, "ఇంకెవరికీ చెప్పలేదు కదా, మిస్టర్ లూషస్?" అన్నాడు. అక్టోబరులో కాలేజీలకి తిప్పుతాడట. ఆరు ఊళ్ళు.

రానని చెప్పేయాల్సిందా? సరేనన్నాను. అది చెబుదామనే వచ్చాను. ఆగండి, ముందు నా మాట వినండి. పద్దెనిమిదేళ్ళుగా మీ క్వాయర్‌లో రెండో వరసలో నిలబడి పాడుతున్నా. ఎప్పుడన్నా, ఎవరన్నా, మీతో సహా, లూషస్ బాగా పాడావయ్యా అన్నారా?

నిన్న మధ్యాహ్నం గిటారు తీశాను. ఇప్పుడు ఇంట్లో నిజం ఏడుపే ఉంది కదా, దాని మీదే ఓ పాట కడదామనుకున్నా. పక్కగదిలో అమ్మ బట్టలు మడతపెట్టుకుంటున్న చప్పుడు వింటూ గంట కూర్చున్నాను. ఒక్క ముక్క రాలేదు.

ఆరు ఊళ్ళంటే ఆరుసార్లు ముంచాలి ఆవిణ్ణి. ముంచుతాను. ఏం చెయ్యమంటారు అయ్యగారూ, ఆవిడ మునిగితే తప్ప నాకు గొంతు పెగలడం లేదు.