అనుమతి లేని నీళ్లు

కాలిఫోర్నియాలో, ఇంటికి రంగు వేయాలన్నా కమిటీ అనుమతి కావలసిన కొండవాలు కాలనీ అది. అడవి మంట గట్టు దాటిందన్న కబురు రాగానే కాలనీ అధ్యక్షురాలు పక్కింటి పెరట్లోకి పరుగెత్తుకొచ్చింది. ముసలాయన నిచ్చెనెక్కి, ఇంటికప్పు మీద నీళ్లు చిమ్మే గొట్టాలు సరిచూసుకుంటున్నాడు.

"మీ నీళ్లు కొంచెం మా కప్పు మీదికీ తిప్పరూ?"

"తిప్పొచ్చు గానీ అధ్యక్షురాలు గారూ, ఒక్క చుక్క మీ వైపు పడినా జరిమానా అన్నది తమరే కదా?"

"మా కిటికీ అద్దాల నిండా మరకలు పడ్డాయి మరి!"

"అందుకని గొట్టం మూతి ఇటు తిప్పించి, తీగ చుట్టించి సీలు వేయించారు. కప్పు అందం చెడుతోందని గొట్టాలకి గోధుమరంగు కూడా పూయించారు."

"ఇప్పుడవన్నీ ఎందుకండీ? మా కప్పు మీద నిప్పురవ్వలు పడుతున్నాయి!"

"వాటికి మీ కమిటీ అనుమతి ఉందా?"

ఆ ఒక్క మాట అనడం కోసం రెండేళ్లు ఎదురుచూసిన ముసలాయన, తృప్తిగా జేబులోంచి కటింగ్ ప్లేయర్ తీశాడు.

"నిచ్చెన గట్టిగా పట్టుకోండి. సీలు తెంపుతున్నా."

తీగ తెగింది, గొట్టం మూతి అటు తిరిగింది. నీళ్లు ఆమె ఇంటికప్పు మీద జల్లున పడ్డాయి. ఆమె ఊపిరి పీల్చుకుని, చేతిలోని నిచ్చెనను కిందినుంచి పైదాకా చూసింది.

"ఏమండీ, ఈ ఎర్రరంగు నిచ్చెనకి అనుమతి తీసుకున్నారా?"