చలి లేని జనవరి

ఢిల్లీ ద్వారకాలో మూడో అంతస్తు బాల్కనీ. ఎండలో కూర్చున్న మామగారి వీపుకు స్టెతస్కోపు ఆనించింది నర్సు కోడలు. పిల్లికూతలు ఇంకా పూర్తిగా పోలేదు. ఆయనేమో ఈ ఆదివారమే బాప్తిస్మం తీసుకుంటానని పట్టుబట్టి ఉన్నాడు.

“ఈ ఏడు చలెక్కడుందమ్మా? నోయిడాలో మా స్నేహితుడు బాబురావు ఇంకా పెట్టెలోంచి స్వెట్టరే తియ్యలేదంట.”

“నోయిడా సంగతి మనకెందుకు మామయ్యా? మన చర్చి ఉన్నది కరోల్ బాగ్‌లో.”

“అక్కడ ఇంకా వెచ్చన. ఇరుకు గల్లీలు, గాలి దూరదు.”

“గాలి దూరని చోట ఎండా దూరదు. బాప్తిస్మం ఇచ్చే తొట్టిలో నీళ్ళు ఐసులా ఉంటాయి. ఈ ఉబ్బసంతో ఎలా మునుగుతారు? ఏప్రిల్‌లో తీసుకుందురుగాని.”

“మీ అత్తయ్య కూడా ఎండలు రానీ అంది. ఎండలొచ్చాయి, ఆవిడ లేదు. నేను మాత్రం ఆగను.”

కోడలు స్టెతస్కోపు తీసి నెమ్మదిగా మడిచింది. ఇక ఆయన్ని ఆపడం తన వల్ల కాదని తెలిసిపోయింది.

“అయితే పాస్టరుగారితో నేను మాట్లాడతాను. తొట్టిలో వేడినీళ్ళు కలపాలి.”

“యోర్దాను నదిలో ఎవరు కలిపారమ్మా?”

“యోర్దాను ఢిల్లీలో లేదు. కలపకపోతే మిమ్మల్ని తొట్టి మెట్లు దిగనివ్వను.”

“అచ్ఛా, సరే. ఇంకా?”

“పైకి రాగానే తడిబట్టలు మార్చుకోవాలి. ప్రార్థన ఆ తర్వాతే.”

“పాస్టరుగారు వెంటనే తలమీద చేతులుంచి ప్రార్థన చేస్తారు కదా. మధ్యలో ఎలా లేచొస్తాను?”

“ఆయన చేతులుంచేలోపు నేను తువ్వాలు కప్పేస్తాను.”