పంటి సందున ఈల

అదిగో, ఫోటోలో మళ్ళీ మూతి బిగించుకునే కూర్చున్నావు! ఫ్రిజ్జు మీద పెట్టినా అదే మొహం, గూట్లో పెట్టినా అదే మొహం. నీ మూలాన మొన్న పళ్ళ డాక్టరమ్మ ముందు నా పరువు పోయింది, తెలుసా అమ్మా?

"మీ అమ్మగారి పళ్ళు కూడా ఇలాగే ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండేవా? ఆవిడ నవ్వుతున్న ఫోటో ఒకటి పట్రా, చూద్దాం" అన్నారావిడ. ఎంత తేలిగ్గా అన్నారో!

ఇల్లంతా తిరగేశాను. బీరువా పైఅర, మంచం కింద పెట్టె, నాన్న పాత పర్సు. ఎక్కడ చూసినా మూసిన మూతే. పెళ్ళి ఫోటోలో పెదాలు జిగురేసి అతికించుకున్నావు. నన్నెత్తుకున్నదాంట్లో నా తలకాయ అడ్డం పెట్టుకున్నావు. అత్తవాళ్ళ మేడ మీద దిగినదాంట్లో చెయ్యి అడ్డం. అదీ ఎంత ఒద్దికగా పెట్టావంటే, పాపం ఆవిడకి ఆవలింతొచ్చింది కాబోలు అనుకుంటారు.

అడిగితే ఏమనేదానివి? "నోరు తెరిస్తే దుమ్ము పడుతుందే!" బాగుంది సంబరం. దుమ్మూ ధూళీ అందనంత దూరం నువ్వు వెళ్ళిపోయి ఏడాది దాటింది. ఆ దుమ్మంతా ఇప్పుడు నా నోట్లో పడింది.

మరి కాదా? నీ నవ్వు చూడాలంటే ఇంక లోకంలో ఒకటే చోటు మిగిలింది. నా మూతి. ఇవాళ డాక్టరమ్మ దాని మీదే పడబోతున్నారు.

నాన్న కింద బండి తుడుస్తున్నాడు. తుడవడం అయ్యేలోపు నీతో ఒక మాట తేల్చుకోవాలి. ఆ, నీతోనే. ఇంకెవరికి చెప్పుకోను? అలా చూడకు.

సంగతేమిటంటే, పళ్ళకి తీగ కట్టాలి. అది నాకూ ఇష్టమే. కోరపన్ను పైకెక్కి కూర్చుని చిగురు జారిపోయింది, వేడి తగిలితే చాలు ప్రాణం జివ్వుమంటుంది. బ్రష్షు అక్కడికి పోదు. ఊరికే అందం కోసం కాదు, నమ్ము. సరే, కొంచెం అందం కోసం కూడా.

కానీ తీగ కట్టడానికి ముందు నాలుగు పళ్ళు తీసెయ్యాలట! పైన రెండు, కింద రెండు. జ్ఞానదంతాలింకా రాలేదు, నాకున్నవే ఇరవై ఎనిమిది. పన్ను కట్టించుకునేవాళ్ళని చూశాం గానీ, కట్టడానికి ముందే నాలుగు మాఫీ చేసేవాళ్ళని ఎక్కడైనా చూశావా? ఈ మాట అక్కడే అన్నాను. డాక్టరమ్మ నవ్వలేదు. ఆవిడకి మాస్కుంది కదా, నవ్వారేమో కూడా, ఎవరికి తెలుసు. నీలాంటిదే ఆవిడా.

నా పళ్ళని పిండితో అచ్చు తీసి తెల్లగా పోత పోశారు. అరచేతిలో పట్టేంత. అద్దంలో రోజూ చూసేవే, అలా మొహం లేకుండా బల్ల మీద కూర్చుంటే ఎంత భయమేసిందో! నువ్వే ఆ బల్ల కింద దాక్కుని నోరొక్కటీ పైకి పెట్టినట్టు ఉంది. ఎర్ర పెన్సిలు తీసుకుని నాలుగింటి మీద నాలుగు చుక్కలు పెట్టారావిడ.

"బస్సులో సీట్లకి మించి జనం ఎక్కారమ్మా. నలుగురిని దింపితే మిగతావాళ్ళు కుదురుగా కూర్చుంటారు. దింపకుండా కూడా చెయ్యచ్చు. వరస వెడల్పు చేసి, పళ్ళ మధ్య కాస్త కాస్త అరగదీస్తాం. కానీ జనం ముందు అద్దాల్లోంచి బయటికి తోసుకొస్తారు. నీ మూతి ఇంకా ఎత్తవుతుంది. జారిన చిగురు ఇంకా జారచ్చు" అన్నారు.

"దింపేవాళ్ళు ఏం తప్పు చేశారండీ?" అన్నాను.

"ఏమీ చెయ్యలేదు. పుచ్చు లేదు, కదలిక లేదు. బంగారం లాంటి పళ్ళు. అందుకే నిన్ను ఆలోచించుకోమంటున్నాను."

అంతవరకూ బాగానే ఉన్నానమ్మా. తర్వాత ఆవిడ ఇంకో మాటన్నారు. "తీసిన చోటు మొదట్లో వెలితిగా ఉంటుంది. నాలుక ఊరికే అక్కడికే పోతుంటుంది. ఏడాదీ ఏడాదిన్నరకి ఆ సందు మూసుకుపోతుంది. అక్కడొకటి ఉండేదని నీకే గుర్తుండదు."

ఆవిడ ధైర్యం చెబుదామనే అన్నారు. నేను చటుక్కున నాలుకతో ఆ నాలుగు పళ్ళూ తడుముకున్నాను. ఎందుకో నీకు నేను చెప్పక్కర్లేదనుకుంటా.

నాన్న నా పక్కనే ఉన్నాడు. మోటార్ల రిపేరు షాపు నుంచి అలాగే వచ్చేశాడు, చేతులకి వార్నిషు వాసన. రాగితీగ చుట్టీ చుట్టీ గట్టిపడ్డ ఆ వేళ్ళతో నా పళ్ళ అచ్చుని పట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నాడు, కాలిపోయిన మోటారు ఎవరో రిపేరుకి తెచ్చినట్టు. ఖర్చు అడగలేదు, నొప్పి అడగలేదు. ఒకటే అడిగాడు.

"ఈల పోతుందా డాక్టరమ్మా?"

"ఏ ఈలండీ?"

నాన్న నా వైపు చూడకుండానే, "ఏదీ, 'సరే' అను" అన్నాడు.

నేనన్నాను. కుర్చీలో వెనక్కి వాలి, మెడకి ఆ నీలం గుడ్డ కట్టుకుని, అన్నాను. 'స' దగ్గర సన్నగా ఈల వచ్చింది. అచ్చం నీలాగే. డాక్టరమ్మ నోట్లో చిన్న అద్దం పెట్టి మళ్ళీ అనమన్నారు. మళ్ళీ వచ్చింది. "పళ్ళ సందు కొంత, నాలుక అలవాటు కొంత. పళ్ళు తీస్తే పోవచ్చు, ఉండచ్చు. ఖాయంగా చెప్పలేను" అన్నారు. నాన్న తలూపి, అచ్చుని బల్ల మీద ఎంత మెల్లగా పెట్టాడో!

నీకు ఈ ఈల గొడవేంటో తెలీదు కదూ. నువ్వు పోయాక మొదలైంది.

నువ్వు పోయిన కొత్తలో ఈ ఇంట్లో మాటే లేదు. ఫ్రిజ్జు గురక తప్ప. ఒకరోజు నేను వంటింట్లో ఉన్నాను, నాన్న స్నానాల గదిలో ఉన్నాడు. "గ్యాసు ఆపెయ్!" అని అరిచాడు. "సరే" అన్నాను, ఈలతో. లోపల నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. "ఏమోయ్, తువ్వాలు మర్చిపోయాను" అన్నాడు.

ఏమోయ్!

నన్నెప్పుడైనా ఏమోయ్ అన్నాడా? నేను చిట్టెలుకని కదా ఆయనకి, పుట్టిన పళ్ళు పుట్టినట్టే బయటికొచ్చినందుకు. ఏమోయ్ ఎవరు ఈ ఇంట్లో? నేను తువ్వాలు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. ఆయన తలుపు తియ్యలేదు. నేను తట్టలేదు. గడియకి తగిలించి వచ్చేశాను.

అప్పట్నుంచీ చూడాలి నాన్న సంగతి. ఏదో ఒకటి చెప్తూనే ఉంటాడు. "తలుపు వేసెయ్." "లైటు ఆపెయ్." "రేపు చినుకులు పడతాయేమో, బట్టలు లోపల వెయ్." అన్నీ 'సరే' అనాల్సినవే. ఒక్కటి కూడా వేరే జవాబున్న ప్రశ్న అడగడు. చెప్పేసి, అటు తిరిగి నిలబడతాడు.

ఆయన మోటారు పరీక్ష చెయ్యడం నువ్వు చూశావుగా? స్క్రూడ్రైవరు కొస మోటారుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుంటాడు. లోపల బేరింగు గరగరమంటే చాలు పట్టేస్తాడు. నా మాటా అలాగే వింటున్నాడమ్మా. కళ్ళు మూసుకుని. వినడమంతే. నన్ను చూసి ఎన్నాళ్ళయిందో! నేను జుట్టు భుజాల దాకా కత్తిరించుకుంటే, పక్కింటావిడ చెప్పేదాకా ఆయనకి తెలీలేదు. "అవునా?" అన్నాడు, అటు తిరిగే.

చిట్టెలుక పోయింది. ఏమైందని అడిగేవాళ్ళు కూడా లేరు దానికి. ఈ ఇంట్లో నువ్వు ఉన్నావు, నాన్న ఉన్నాడు. నేనే లేను.

నవ్వుతున్నావా? నవ్వినా కనపడదు నీది, అదొక సుఖం.

అత్త ఏమంటుందో విను. "పన్ను మీద పన్నుంటే అదృష్టమే! మీ అమ్మకీ ఉండేది" అంటుంది. ఆ అదృష్టం ఏం చేసిందో ఇద్దరం చూశాం. నాన్న ఏమంటాడు? "నీ నోరు, నీ ఇష్టం." ఆ మాట అన్నాక మాత్రం రెండు పూటలు నన్నేమీ చెయ్యమనలేదు. తలుపు ఆయనే వేసుకున్నాడు, లైటు ఆయనే ఆపుకున్నాడు. ఈల అయిపోతుందేమోనని దాచుకుంటున్నట్టు! ఇంట్లో కాస్తే మిగిలిన దాన్ని తీయకుండా మూతపెట్టి ఉంచుతాం చూడు, అలా.

అది చూశాక పళ్ళు పీకించుకోబుద్ధవుతుందా చెప్పు? నాలుగు పళ్ళు కాదమ్మా అవి. తిరిగి రావని తెలిసీ నిన్ను రెండోసారి ఆస్పత్రికి పంపించడం.

పోనీ మానేద్దామా? పీకకుండా కట్టించుకుంటే మూతి ఎత్తుగా ఉంటుంది, చిగురు జారుతుంది, ఈల ఉంటుంది, నాన్న అటు తిరిగి నిలబడతాడు, నేను ముసలిదాన్నయ్యేదాకా నీ గొంతుతో సరే అంటూ ఉంటాను. వినడానికి ఎలా ఉంది?

ఆగు. ఇంకోటుంది. ఇదే అసలుది. నాన్నకి చెప్పకు. చెప్పలేవులే, అందుకేగా నీకు చెప్తున్నది.

కళ్ళజోళ్ళ షాపులో నా పనేంటి? పొద్దస్తమానం ఫ్రేములు పెట్టి, "ముక్కు మీద సరిగ్గా కూర్చుందా సార్? సరే సార్, ఇంకాస్త వంచుతాను సార్." రోజుకి ఎన్నిసార్లంటానో! డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళొచ్చిన మర్నాడు, లోపల అద్దాలు అరగదీసే అన్నయ్యని అడిగాను. "అన్నయ్యా, నేను మాట్లాడితే ఈల వస్తుందా?"

ఆయన మిషను ఆపి మరీ చూశాడు నన్ను. "ఈలేంటి? నువ్వు ఈల వేస్తే మేనేజరు ఊరుకుంటాడా? నీ మాట గంటలా ఉంటుంది కదమ్మాయ్."

రాదమ్మా. షాపులో నాకు ఈల రాదు. ఫోనులో రాదు. బస్సులో రాదు. నా చిన్నప్పుడు నీలాగే వచ్చేదిగా, బళ్ళో టీచరమ్మ అద్దం ముందు నిలబెట్టి నాలుక వెనక్కి మడిపించి మాన్పించింది. నువ్వే మురిసిపోయావు, నీలా కాలేదని. నాకు ఈల వచ్చేది ఈ గడప లోపలే. నాన్న వీపు కనపడితేనే. మొదటిసారి వంటింట్లో అన్నది కూడా అల్లరికే. నీలా అని ఆయన్ని నవ్విద్దామని. మనిషి ఎన్నాళ్ళని అలా కూర్చుంటాడు? నవ్వలేదు. తువ్వాలు అడిగాడు. ఇంక ఆపడం ఎలాగో తెలీలేదు నాకు.

డాక్టరమ్మ కుర్చీలో కూడా వేశాను. వేశానా, వచ్చిందా? నాన్న పక్కనున్నాడు మరి.

ఇప్పుడర్థమైందా, నాలుగు బంగారం లాంటి పళ్ళు ఎందుకు పీకించుకోవాలనుందో? చిగురు కోసమే, కాదనను. కానీ దానికంటే ముందు ఇంకోటి. పళ్ళు తీసేశాక ఒకరోజు నేను మామూలుగా 'సరే' అంటాను. నాన్న ఇటు తిరుగుతాడు. "ఈల పోయిందే" అంటాడు. "పళ్ళు తీసేశారు కదా నాన్నా, నేనేం చెయ్యను" అంటాను. అంతే. నిన్ను నేను పంపించినట్టు కాదు. డాక్టరమ్మ పంపించినట్టు. ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి అంటారు. నేను రాయిని వెతుక్కుని మరీ వెళ్తున్నా చూడు!

పళ్ళు లేకపోయినా మానెయ్యగలను. ఇవాళే మానెయ్యగలను. నాలుక ఇంత వెనక్కి మడిస్తే చాలు. కానీ అప్పుడు ఆయన నా మొహం చూసి "ఎందుకు?" అంటే? ఆ ఎందుకుకి నా దగ్గర జవాబు లేదమ్మా. నీ దగ్గరుందా? లేదుగా. నోరు తెరిస్తే దుమ్ము!

అదిగో, బండి స్టార్టు చేశాడు. పిలుస్తాడిప్పుడు.

"అయిందా? బయల్దేరదామా?"

చూస్తూ ఉండు, పళ్ళన్నీ ఉండగానే ఈ ఒక్కసారి అనేస్తా. నా గొంతుతో. ఆయనకి మెట్ల మీంచి వినపడేలా. ఏమైతే అదైంది.

"సరే!"

ఏమంటున్నాడు? ష్, ఉండు.

"వస్తూ వస్తూ గొడుగు పట్రా, ఏమోయ్!"

విన్నావా? ఏమోయ్ అన్నాడు. ఒట్టమ్మా, నేను మామూలుగానే అన్నాను. నాలుక మడిచే అన్నాను. షాపులో ఎలా అంటానో అలాగే. నాకైతే ఈల వినపడలేదు. నీకు వినపడిందా? ఎవరు వేశారు మరి?

చెప్పవులే. వద్దు, చెప్పకు. భయపడే టైము కూడా లేదు నాకు, నాన్న హారను కొడుతున్నాడు.

పళ్ళు తీయించుకునే వస్తాను. తీసేవి నాలుగే కదా. ఇంకా ఇరవై నాలుగు మిగులుతాయి, వాటిల్లో ఎక్కడో ఒకచోట సర్దుకో.