బావగారి ముందు కుర్చీ

సంతకాల కాగితాలు ఫ్యాక్టరీ నుంచి ఇంటికే పంపుతాడంటనా మీ సురేషన్న? పంపనీలే. ముందు ఈ చిక్కుడుకాయలు తుంచు శిల్పా. మీటింగు పదకొండుకు కదా, ఇంకా పొద్దుంది. నువ్వూ డైరెక్టరువేనాయె, మరి ఫ్యాక్టరీకి రావొద్దని ఎందుకంటాడు? ఎండగా ఉందనా? ఎండంట! మార్కాపురంలో పుట్టినదానికి ఎండ కొత్తా తల్లీ? గనిరాయంతా ఇప్పుడు గెలిచిన పార్టీ వాళ్ళ కంపెనీకే ఇస్తే మనకిక తిరుగుండదని కూడా అన్నాడంటివి. ఆ మాట ఈ ఇంట్లో నేను ఇంతకుముందే ఒకసారి విన్నా. ఆ ఫోటో చూడు, దండ వాడిపోయింది, పూలామె ఈ పొద్దు ఇంకా రాలేదు... ఆ, ఆమే. నాగమల్లేశ్వరక్క. నా తోడికోడలు. నువ్వు పుట్టకముందే స్వామి దగ్గరికి పోయింది.

పలకల ఫ్యాక్టరీ మా మామగారు పెట్టింది. ఆయన తర్వాత పెద్దకొడుకు పిచ్చయ్య బావగారు చైర్మను, లారీలు తిప్పే బుడే సాహెబ్ భాగస్తుడు, అక్క మొగుడు పోయినాక ఆ చోట్లో అక్క పేరు. ఉత్త పేరే. గుమాస్తా మాల్యాద్రి వంటింటి గడపదాకా వచ్చి, "అమ్మా, ఇక్కడ" అంటే, అక్క పిండిచేతులు తుడుచుకుని సంతకం పెట్టేది. ఒకనాడు మాత్రం, "ఏందిరా ఇది?" అన్నది. వాడు మెల్లగా చెప్పినాడు. ఎమ్మెల్యే బామ్మర్దికే మన రాయంతా ఇయ్యాలంట, బదులుగా బడిపలకల ఆర్డరు ఆయన ఇప్పిస్తాడంట, విదేశాలకు పోయే నున్నటి బండల పని ఆపెయ్యాలంట. అక్క పెన్ను వాడి చేతిలోనే పెట్టి, చెన్నకేశవస్వామికి దండం పెట్టుకుని, చెప్పులేసుకుంది. నా చెయ్యి పట్టుకుని నన్నూ ఫ్యాక్టరీలో మీటింగుకు లాక్కపోయింది.

మా ఇళ్ళలో బావగారి ముందు ఆడది కుర్చీలో కూర్చోదు. ఆయన కూర్చోమంటేనే. ఆయనెందుకంటాడు! "ఏమ్మా, ఇదేమన్నా వంటిల్లనుకుంటివా, పో, మాల్యాద్రి వస్తాడులే" అన్నాడు. అక్క కొంగు సర్దుకుని గోడవారగా నిలబడింది. నేను తలుపవతల. "నిలబడే వింటాలే బావగారూ, మీరు కానియ్యండి." గొంతు పెద్దది కాదు, మన గుడిలో పూజారి మాట్లాడినట్టే ఉంటుంది. "ఎమ్మెల్యే ఓడిపోతే మన రాయి ఎవరు కొంటారు బావగారూ? ఇన్నాళ్ళూ కొన్నోళ్ళను వద్దని, మళ్ళా ఏ మొహంతో పిలుస్తాం?" ఆయన అరిచినాడు. అక్క నిలబడే ఉంది. టీ వచ్చింది, తాగినారు, అక్క నిలబడే ఉంది. కాళ్ళు వాచే మనిషి తల్లీ, షుగరు. నేను మనసులో స్వామిని తలుచుకుంటా ఉన్నా.

అప్పుడు బుడే సాహెబ్ బల్ల పట్టుకుని లేచినాడు. "యా అల్లా, నా మోకాళ్ళు! పిచ్చయ్యన్నా, చెల్లెమ్మ నిలబడి ఉంటే నాకీ కుర్చీ ముళ్ళకంపలాగుంది. నేనూ ఒప్పుకోను పో" అన్నాడు. కూర్చున్నది బావగారొక్కడే. ఫ్యానుకేసి చూసినాడు, నేలకేసి చూసినాడు. కడాకు, "కూర్చో అమ్మా" అన్నాడు. అక్క కూర్చుని, "ఇప్పుడు మొదట్నుంచీ చెప్పండి" అన్నది!

ఆ ఒప్పందం మానుకున్నాక వెంటనే మంచి జరిగిందనుకునేవు, లేదు. బామ్మర్దితో కలిసినోళ్ళ లారీలు రేయింబగళ్ళు పోయేవి, మావి సగం నిలబడి ఉండేవి. "ఆడదాని మాట విన్నాం" అని బావగారు అన్నం ముందర కూడా సణిగేవాడు. అక్క మజ్జిగ పోసేది. తర్వాత ఎలక్షన్లొచ్చినాయి, ఎమ్మెల్యే ఓడిపోయినాడు, కొత్తాయన వాళ్ళ ఆర్డరు తీసేసినాడు. ఆ ఫ్యాక్టరీలకు తాళాలు పడినాయి. మన బండలు మాత్రం ఓడ ఎక్కుతానే ఉన్నాయి. జరగబోయేది చెప్పే వాక్కు నీకేమన్నా ఉందా అక్కా అంటే నవ్వింది. "కొనేవాడు ఒక్కడే అయితే వాడు ఆడించినట్టల్లా ఆడాల చెల్లీ, ఇందులో వాక్కెందుకు?" అన్నది.

సురేషు కూడా చెడ్డోడు కాదు. తొందర, అంతే. ఆ గదిలో... ఇప్పుడు ఏసీ పెట్టించినాడంట కదా, ఎన్ని కుర్చీలున్నాయో నాకు తెలీదు గాని... ఏంది, లేచినావు? కాయలింకా సగమన్నా కాలేదు.

స్కూటీ తాళం దేవుడి గూట్లో ఉంది. నెత్తికి చున్నీ చుట్టుకో, ఎండ.